ఎక్కుడుగట్టు

అత్తాపూర్‌ల తబేలా ఖాళీ చెయ్యమని కాగితమొచ్చినంక
మేం చేసిన మొదటిపని
సామాన్లు సర్దుడు కాదు,
బర్రెలు బండెక్కనీకె గట్టు కట్టుడు.

నలభై ఏండ్లల్ల ఇక్కడ సిమెంటు పోసి ఎరగం.
తుప్పురేకులు, తడకలు,
ఓడిపోయిన లీడర్ల ఫ్లెక్సీలు కప్పుకొని
రేపో మాపో పోతమనుకుంటనే బతికినం.
పోవుడు ఖాయమైనంక
రెండు ట్రాలీల ఇసుక దింపించినం.

డీసీఎం డాలా ఎంత ఎత్తున్నదో
మా చిన్నమ్మ ఈదమ్మ పలుపుతాడు పట్టి కొలిచింది,
ఒక ముడి ఏసింది.
వెల్డింగు ఖలీల్ నవ్వుకుంట టేపు తీసిండు.
మూడడుగుల ఎనిమిదంగుళాలు.
టేపు ముడికాడనే ఆగింది, నవ్వు గూడ.

"నిచ్చెన లెక్క నిలబెట్టకు కొడుకా,
సూడి బర్రె ఎట్ల నడుస్తదో నీకేమెరుక?"
పద్నాలుగడుగులు సాగదీయమన్నది.
తడి సిమెంటు మీద గొడ్డుచీపురుతోని
అడ్డం అడ్డం గీతలు గీకింది, గిట్టలు జారకుంట.
వారం దినాలు నీళ్లు కొట్టినం,
తడిగోనెలు కప్పినం,
ఈనిన బర్రెను చూసుకున్నట్టు చూసుకున్నం.

రెండు దిక్కుల ఇనుప గుంజలు, వాటికి రేకులు.
నడుమ సందు రెండున్నర అడుగులు.
ఎనుకకు మళ్లుదామన్న ఆలోచనకు
మెడ తిరగనంత.

అయినా బొట్టుది ఎక్కలే.
సగం దాక వచ్చి నిలబడ్డది.
ముందట గుంజినం, ఎనుక నూకినం,
లఖన్ కట్టె లేపిండు.
చిన్నమ్మ ఆ కట్టె గుంజుకొని
చీర ఎగజెక్కి
మోకాళ్ల మీద, అరచేతుల మీద
గట్టెక్కుడు మొదలుపెట్టింది.
అరవై రెండేండ్ల మనిషి.
మేం నవ్వాల్నా వద్దా తెల్వక నిలబడ్డం.

బొట్టుది ఆగినకాడనే ఆమె ఆగింది.
తలకాయ బర్రె ఎత్తుకు పెట్టి చూసింది.
"ఆ గొలుసు ఊగుతున్నది, తీసెయ్యుండ్రి.
లోపలంత చీకటి, బావి లెక్కున్నది.
ఇగ అగో, ఆ అద్దం!"

అద్దం ఎదురు అపార్టుమెంటుది.
ఆరో అంతస్తు బాల్కనీ, ఎండ పడి
కత్తి తిప్పినట్టు మెరుస్తున్నది.
వాసనొస్తున్నదని అర్జీ పెట్టింది ఆళ్లే.
పక్కన మూసీ పారంగ
ఆళ్లకు మా బర్రెలే కంపు కొట్టినయంట.
రోజూ అరలీటరు కొన్నది గూడ ఆళ్లే,
నీళ్లు కలపలేదు గదా అని
గిన్నె ఎత్తి చూసి చూసి.

ఎండ లేనప్పుడే ఎక్కిద్దామనుకున్నం.
బేస్తవారం, తెల్లారగట్ల నాలుగింటికి.
బండి లోపల ఒక పసుపు బల్బు,
కింద మా కొట్టంల గడ్డే, మా పేడనే.
ఇల్లు ముందే పోయి లోపల కూసున్నట్టు.
ఖలీల్ బీడీ ఆర్పేసిండు, నిప్పుకు బెదురుతయని.
ఎవ్వరం నోరు తెరవలే.
ముందు వంకరకొమ్ము వాసన చూసింది,
ఒక గిట్ట పెట్టింది, ఇంకోటి పెట్టింది.
దాని ఎనుక బొట్టుది.
ఆ గీతల మీద గిట్టల సప్పుడు
మొదటి వాన రేకుల మీద పడ్డట్టే ఉండె.
ఇరవై మూడు. నాలుగు ట్రిప్పులు.
ఒక్క దెబ్బ పడలే.

శంకర్‌పల్లి దాటి, కొత్త జాగల మొదటి బండి ఆగింది.
డాలా తెరిచినం.
కింద ఏం లేదు.
ఎక్కనీకె అంత చేసినోళ్లం
దిగనీకె ఒక్క తట్ట మట్టి పోయలే.

డ్రైవర్ తిట్టవలసినంత తిట్టిండు.
ఆఖరుకు, ఎవరిదో వెంచరు కోసం
జేసీబీ పోసిన మొరంకుప్ప కాడికి
బండి ఎనుకకు పెట్టినం.
వంకరకొమ్ము మెల్లగ దిగి
చుట్టు చూసింది.
గడ్డి నడుమ తెల్లసున్నం రాళ్లు,
వాటి మీద నంబర్లు.

చిన్నమ్మ దాన్ని గుంజకు కట్టింది,
కొలిచిన పలుపుతాడుతోనే.
నడుమ ముడి అట్లనే ఉన్నది.
ఇంకెందుకే అది, విప్పరాదు, అన్న.
తెల్లరాళ్ల దిక్కు ఒకపారి చూసి
ముడిని బిగ్గర గుంజింది.